‘బనువా’: ఆస్ట్రోనీషియన్ భాషల్లో ఒక పదం అర్థచరిత్ర

పశ్చిమాన మడగాస్కర్ నుంచి తూర్పున ఈస్టర్ ద్వీపం వరకు విస్తరించిన ఆస్ట్రోనీషియన్ కుటుంబంలో దాదాపు 1,200 భాషలున్నాయి. వీటిలో చాలా భాషలకు ఉమ్మడిగా ఉన్న పదాల్లో ‘బనువా’ ఒకటి. ఇండోనీషియాలోని సులావేసీ ద్వీపంలో తొరాజా ప్రజలకు ‘బనువా’ అంటే ఇల్లు. సుమత్రా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న నియాస్ ద్వీపంలో అది ఊరు. సుమత్రాలోనే తోబా బతక్ ప్రజలకు అది లోకం. పై లోకం, నడిమి లోకం, కింది లోకం అనే మూడింటి పేర్లలోనూ ‘బనువా’ ఉంది. మలయ్‌లో ‘బెనువా’ అంటే ఖండం. ఫిజీలో ‘వనువా’ అంటే నేల, ఆ నేల మీది జనం, వారి ఆచారం. న్యూజీలాండ్ మావొరీ భాషలో ‘ఫెనువా’ అంటే నేల. బిడ్డతో పాటు తల్లి కడుపులో ఉండే మావి కూడా.

ఇల్లు మొదలుకొని ఖండం దాకా, నేల మొదలుకొని మావి దాకా అర్థాలున్న పదానికి మూలార్థం ఏదని నిర్ణయించాలి? ఇది నిఘంటుకర్తలకే పరిమితమైన ప్రశ్నగా కనిపించవచ్చు. అయితే ఏడో శతాబ్దపు రాజ్య చరిత్ర ఒకటి, ఇరవయ్యొకటో శతాబ్దపు న్యాయస్థానం తీర్పు ఒకటి ఈ పదానికి చెప్పే అర్థంతో ముడిపడి ఉన్నాయి.

ధ్వని సాక్ష్యం

ముందుగా ఇవన్నీ ఒకే పదమని రుజువు కావాలి. ఈ కుటుంబంలోని ధ్వని సూత్రాలను తొలిసారి విస్తృతంగా క్రోడీకరించినవాడు జర్మన్ పండితుడు ఒట్టో డెంప్‌వోల్ఫ్. ఆయన మూడు సంపుటాల గ్రంథం 1934–38 మధ్య వెలువడింది. మూలభాషలోని పదాది ‘బ’కారం మలయ్‌లో ‘బ’గానే నిలిచింది. ఫిజీ భాషలో ‘వ’గా, సమోవా భాషలో ‘ఫ’గా, హవాయీ భాషలో ‘హ’గా మారింది. ‘రాయి’ అనే అర్థంలో పునర్నిర్మించిన *బతు అనే పదం దీనికి మంచి ఉదాహరణ: మలయ్ ‘బతు’, ఫిజీ ‘వతు’, సమోవా ‘ఫతు’, మావొరీ ‘ఫతు’, హవాయీ ‘హకు’. మలయ్ ‘బెనువా’, ఫిజీ ‘వనువా’, సమోవా ‘ఫనువా’, తొంగా ‘ఫొనువా’, మావొరీ ‘ఫెనువా’, హవాయీ ‘హొనువా’ ఈ వరుసలోనే నడుస్తాయి. మొదటి అచ్చు మాత్రం కొన్ని భాషల్లో ‘ఎ’గా, కొన్నింటిలో ‘ఒ’గా మారింది. (చివరి ‘వా’లోని వకారం తెలుగు లిపి అవసరం కొద్దీ వచ్చినది, అసలు ఉచ్చారణలో ఉన్నవి ఉకారం, దాని వెంట అకారం.)

తైవాన్‌లోని ఆదివాసీ భాషల్లో ఈ పదానికి జ్ఞాతి రూపాలు లేవు. కాబట్టి దీన్ని కుటుంబం మొత్తానికి మూలమైన భాషకు ఆపాదించలేము. తైవాన్ దాటి దక్షిణానికి తరలిన శాఖకు, అంటే మూల మలయో-పాలినీషియన్‌కు మాత్రమే ఆపాదించగలము.

ఉమ్మడి అర్థం కాదు, సంపూర్ణార్థం

అర్థ పునర్నిర్మాణంలో ఒక సులభ మార్గం ఉంది. జ్ఞాతిపదాల అర్థాలన్నింటిలో సామాన్యాంశం ఏదో చూసి దాన్నే మూలార్థంగా ప్రకటించడం. ‘బనువా’ విషయంలో అలా చేస్తే ‘చోటు’ అనే పలుచని అర్థం తప్ప ఏమీ మిగలదు. రాబర్ట్ బ్లస్ట్ 1987లో ‘ఇల్లు’ అర్థమిచ్చే ఆస్ట్రోనీషియన్ పదాలను పరిశీలిస్తూ ఈ పద్ధతిలోని లోపాన్ని చూపారు. ఇంటికి మూలభాషలో *రుమః వంటి పదాలు వేరే ఉన్నాయి. కాబట్టి తొరాజాలో ‘ఇల్లు’ అనే అర్థం తరువాతి అర్థసంకోచమే అవుతుంది. *బనువా అనేది ఒక సమాజం బతుకుకు ఆధారమైన మొత్తం ప్రాంతం: ఇళ్లు, ఇళ్లలోని మనుషులు, పంట నేల, చెట్టూచేమా, చుట్టుపక్కల అడవి అన్నీ కలిసినది. ఒక్కొక్క భాష ఈ సంపూర్ణార్థంలో ఒక్కొక్క తునకను నిలుపుకుంది. ఈ ప్రతిపాదన మిగిలినవాటికంటే బలమైనది. ఎందుకంటే ఇది అర్థాలన్నింటికీ దారి చూపుతుంది. వాటిలో దేన్నీ అపవాదంగా పక్కన పెట్టదు.

తెలుగు పాఠకుడికి ఇది మరీ కొత్త సంగతి కాదు. ‘ఊరు చివర చెరువు’ అన్నప్పుడు ఊరు ఒక చోటు. ‘ఊరంతా కదిలింది’ అన్నప్పుడు అదే ఊరు జనం. అయితే తెలుగు ‘ఊరు’ పొలిమేర దగ్గర ఆగిపోతుంది, ‘అడవి’ దానికి ఎదుటి పదం. ‘బనువా’ అడవిని కూడా తనలో కలుపుకుంటుంది. ఈ తేడాయే తరువాతి వివాదాలకు మూలం.

కెదుకాన్ బుకిత్ శాసనం

ఈ పదం లిఖిత రూపంలో కనిపించే తొలి తావుల్లో ముఖ్యమైనది దక్షిణ సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర 1920లో వెలుగులోకి వచ్చిన కెదుకాన్ బుకిత్ శాసనం. పల్లవ లిపి సంప్రదాయానికి చెందిన అక్షరాల్లో, ప్రాచీన మలయ్ భాషలో ఉన్న ఈ చిన్న శాసనం క్రీ.శ. 682 నాటి శ్రీవిజయ యాత్రను వర్ణిస్తుంది. యాత్రలో పాల్గొన్న సేన ‘దువ లక్ష’ అని శాసనం చెబుతుంది. సంస్కృత ‘లక్ష’ మలయ్‌లో పదివేలుగా స్థిరపడింది కాబట్టి ఆ సేన ఇరవై వేలు. ఎరువు తెచ్చుకున్న పదమే ఇంత మారగా, సొంత పదం విషయంలో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు. యాత్ర ముగింపులో శాసనం ‘వనువ’ నిర్మించినట్లు చెబుతుంది.

స్వస్తి, శుక్లపక్షం, సిద్ధయాత్ర, సుభిక్షం వంటి సంస్కృత పదాల నడుమ ‘వనువ’ను చూసిన తెలుగు పాఠకుడికి అది ‘వన’ శబ్ద భవమేమోనన్న అనుమానం కలగడం సహజం. ఆ అనుమానం నిలవదు. సంస్కృతం సోకని పాలినీషియా దీవుల్లో సైతం ఈ పదం క్రమమైన ధ్వని సంబంధాలతో ఉంది. సంస్కృతం ముమ్మరంగా దిగుమతి అయిన రాజశాసనంలో కూడా నివాస భూమిని చెప్పడానికి లేఖకుడు పుర, నగర, గ్రామ శబ్దాలను విడిచి దేశ్యపదాన్ని వాడాడన్నదే ఇక్కడ గమనించదగ్గ అంశం.

ఆ ‘వనువ’ ఏమిటి? ‘నగరం’ అని అనువదించినవారికి ఇది రాజధాని స్థాపన శాసనం. పాలెంబాంగ్ తన పుట్టుకను నేటికీ ఈ శాసనం నుంచే లెక్కిస్తోంది. ప్రాచీన జావా భాషలోని శాసనాల్లో అదే ‘వనువ’ గ్రామ సమాజం. ఆ అర్థం తీసుకుంటే అంత పెద్ద సేన వచ్చి చేసిన పని చిన్నబోతుంది. చరిత్రకారుడు హెర్మన్ కుల్కే ‘కదాతువన్’ను రాజు ఉండే కేంద్రంగా, ‘వనువ’ను దాని చుట్టూ అల్లుకున్న అర్ధ నగర ప్రాంతంగా వివరించారు. పునర్నిర్మిత అర్థానికి ఈ వివరణ దగ్గరగా ఉంది. నగరమా గ్రామమా అన్న ప్రశ్నలోనే దోషముంది. ఆ విభజన ఈ పదానికి తెలియదు.

మలయ్‌లో ఈ పదం తరువాత ‘దేశం’ అనే అర్థంలో స్థిరపడింది. మలయ్ గ్రంథాల్లోని ‘బెనువా కెలింగ్’ భారతదేశపు తూర్పు, ఆగ్నేయ తీరాలను సూచించే పేరు; ‘కెలింగ్’ కళింగ శబ్ద భవమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. హికాయత్ హాంగ్ తువాలో కథానాయకుడు రాయబారిగా వెళ్లేది ఈ బెనువా కెలింగ్‌కే. (నేటి మలేషియాలో ‘కెలింగ్’ భారత సంతతివారిని కించపరిచే మాటగా మారిపోయింది.) దేశం ఖండంగా పెరగడం ఆధునిక భూగోళశాస్త్ర అవసరాల వల్ల జరిగిన అర్థవ్యాకోచం.

తినే నేల

బోర్నియో ద్వీపంలోని సరవాక్‌లో ఇబాన్ ప్రజల భాషలో ఈ పదం ‘మెనోవా’ రూపంలో ఉంది. ఒక పొడవాటి ఉమ్మడి ఇంట్లో కాపురముండే సమాజానికి చెందిన మొత్తం ప్రాంతాన్ని వారు ‘పెమకై మెనోవా’ అంటారు. ‘మకై’ అంటే తినడం; సమాజం తిని బతికే నేల అని భావం. నరికి సాగు చేసిన భూమి ‘తెముదా’. వేటకు, కలపకు, నీటికి నరకకుండా ఉంచుకున్న అడవి ‘పులావ్ గలావ్’. శ్మశానం, పండ్ల తోటలు, వాగులు వీటితో కలిస్తేనే మెనోవా.

వలసపాలన నాటి నుంచి భూచట్టాలు సాగు చేసిన నేలను గుర్తించినంత సులభంగా సాగు చేయని అడవిని గుర్తించలేదు. 2001లో సరవాక్ హైకోర్టు పెమకై మెనోవా మొత్తం మీద ఇబాన్ ప్రజలకు ఆచారసిద్ధమైన హక్కు ఉందని అంగీకరించింది. 2016 డిసెంబరులో మలేషియా ఫెడరల్ కోర్టు మరో వ్యాజ్యంలో దీన్ని తోసిపుచ్చింది. పెమకై మెనోవాకు, పులావ్ గలావ్‌కు చట్టబలం లేదని తేల్చింది. సరవాక్ శాసనసభ 2018లో భూచట్టాన్ని సవరించి, పరిమితులతో ఈ భావనకు చట్టంలో చోటిచ్చింది. పదిహేడేళ్ల వ్యవధిలో తలపడినవి ఒక పదానికి ఉన్న రెండు అర్థాలే: సంకోచించిన ‘పొలం’, సంపూర్ణమైన ‘మెనోవా’. భాషాశాస్త్ర సాక్ష్యం రెండోదాని వైపే మొగ్గుతుంది. అడవిని కూడా కలుపుకున్న ఆ అర్థం ఇబాన్ వ్యాజ్యదారులు కొత్తగా అల్లినది కాదు. సరవాక్‌కు లిఖిత చట్టం రావడానికి వేల ఏళ్ల ముందు నుంచీ ఉన్నది.

నేల, మావి, జనం

తొంగా, సమోవా, మావొరీ భాషలు మూడింటిలోనూ ఈ పదానికి మావి అనే అర్థం ఉంది. కాబట్టి ఈ అర్థం మూల పాలినీషియన్ దశలోనే ఏర్పడి ఉండాలి. మావొరీ సంప్రదాయంలో బిడ్డ మావిని సొంత నేలలో పాతిపెడతారు. ‘ఫెనువా’ ‘ఫెనువా’లోకి చేరుతుంది. తొంగాలో సమాధి గదిని ‘ఫొనువాలొతో’ అంటారు. పుట్టుక, చావు రెండూ ఒకే పదం కిందికి వచ్చాయి. 1840 నాటి వైతాంగి ఒడంబడిక మావొరీ పాఠంలో భూమికి వాడినది ఈ పదమే. ‘ఆస్తి’ అన్న యూరోపియన్ భావనకు దాన్ని సమానార్థకంగా భావించడంలో ఎంత వెలితి ఉందో ఊహించవచ్చు. 1980లో స్వతంత్రమైన వనువాతు తన పేరులోనే ఈ పదాన్ని నిలుపుకుంది. దేశంలోని భూమి అంతా ఆచారసిద్ధ స్వదేశీ యజమానులదేనని ఆ దేశపు రాజ్యాంగం ప్రకటిస్తుంది.

ఫిజీలో ‘వనువా’ తెలుగువారి చరిత్రను కూడా తాకింది. అక్కడికి భారతీయ ఒప్పంద కూలీల తరలింపు 1879లో కలకత్తా నుంచి మొదలైంది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. అలా చేరినవారిలో తెలుగువారున్నారు. 1941లో వారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. కూలి గడువు తీరాక చాలామంది చెరకు సాగుకు భూమి కౌలుకు తీసుకున్నారు. ఆ భూమిలో అధికభాగం స్థానిక ఫిజీ వంశాలది. వనువా అంటే నేల, జనం విడదీయరానివి కాబట్టి దాన్ని కౌలుకు ఇవ్వవచ్చునే గాని అమ్మడం కుదరదు. ఆ నేలకు చెందినవారు ‘తవుకేయి’, బయటి నుంచి వచ్చినవారు ‘వులాంగి’, అంటే అతిథులు. 1976 నాటి కౌలు చట్టం కింద ముప్పై ఏళ్లు సాగిన కౌళ్ల గడువు 1997 నుంచి తీరసాగింది. పునరుద్ధరణ జరగని చోట తాతల కాలం నుంచి అదే పొలంలో చెరకు పండించిన కుటుంబాలు ఇళ్లు విడిచి సువా పట్టణం అంచులకు, మరికొన్ని సముద్రాలు దాటి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు తరలిపోయాయి.