సముద్రం అవతలి గొంతు: ట్రంకాల్ నుంచి బ్రౌజర్ దాకా

ఇంటి మనిషి పరదేశం పోతే ఇంట్లోవాళ్లు ఎదురుచూసేవి రెండే రెండు. ఒకటి ఆయన పంపే పైసలు, రెండవది ఆయన గొంతు. పైసలకు బ్యాంకు డ్రాఫ్టు అనే దారి మొదటినుంచీ ఉన్నది. గొంతుకు మాత్రం చాలాకాలం సరైన దారి లేకపోయింది. ఈ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, నవాబుల చరిత్ర, కోటల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, మేము మన ఇండ్లలో మోగిన ఫోను చరిత్ర రాయదలచుకున్నాము. ఇది మన అమ్మీల చరిత్ర, మన అబ్బాల చరిత్ర. ఇందులో మనం నేర్చుకోవలసినదీ కొంత ఉన్నది.

ఊరు, వలస

మన షాద్‌నగర్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, జిల్లాల విభజన తరువాత రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఫరూఖ్‌నగర్ అన్న పేరూ మనదే. హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' అనే కలం పేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పారు. ఆ కలం పేరే ఊరి పేరైందని పెద్దలు చెబుతారు. ఊరిని ఆనుకొనే రైలు పట్టా, పెద్ద రోడ్డు ఉండడం చేత ఇక్కడివారికి బయటికి పోవడం కొత్త కాదు. పాలమూరు కూలీ అంటే దేశమంతా ఆనకట్టల దగ్గర, కాలువ పనుల దగ్గర కనిపించినవాడే. బొంబాయి పోయినవారు కూడా ఎందరో.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫు దేశాలలో రోడ్లు, ఇండ్లు, ఓడరేవులు లేచాయి, మనుషులు కావలసివచ్చారు. మన తెలుగు జిల్లాలలో కరీంనగర్, నిజామాబాద్ నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి జనం ఎక్కువగా పోయారు. వారి వెనుక మన దిక్కు నుంచి కూడా మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు, వెల్డర్లు కొందరు పోయారు. బేగంపేట విమానాశ్రయం బయట పూలదండలు, కన్నీళ్లు. ఇక రెండు మూడేండ్ల దాకా మనిషి ముఖం కనిపించేది కాదు.

ట్రంకాల్ కాలం

ఆనాడు ఇంట్లో ఫోను ఉండడమంటే మామూలు మాట కాదు. దూరపు ఊరితో మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. తొందర ఎంత ఎక్కువైతే ఖర్చు అంత ఎక్కువ. పలానా మనిషే మాట్లాడాలంటే పి.పి. కాల్. ఆపరేటర్ లేకుండా నేరుగా నంబరు తిప్పే ఎస్.టి.డి. మన దేశంలో 1960లో లక్నో–కాన్పూర్ మధ్య మొదలైంది. నేరుగా విదేశానికి తిప్పే ఐ.ఎస్.డి. 1976లో బొంబాయి–లండన్ మధ్య వచ్చింది. చిన్న ఊళ్ల దాకా అది రావడానికి మాత్రం ఏండ్లు పట్టింది.

ఒక చిత్రమైన సంగతి ఇక్కడ చెప్పాలి. 1979లో మన షాద్‌నగర్ దగ్గరనే జాతీయ దూర సంవేదన సంస్థవారి భూకేంద్రం నెలకొన్నది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన బొమ్మలను దాని పెద్ద పెద్ద గిన్నెల వంటి యాంటెన్నాలు అందుకునేవి. అంత దూరం నుంచి బొమ్మ మన ఊరికి వచ్చేది గాని, దమ్మాంలో ఉన్న కొడుకు గొంతు మన గల్లీకి వచ్చేది కాదు. విద్య లేక కాదు. అది సామాన్యుని దాకా రాలేదు, అంతే.

అందుచేత జనం తమ దారి తాము వెతుక్కున్నారు. క్యాసెట్టు ఉత్తరం అటువంటిదే. గల్ఫులో ఉన్నవాడు టేప్ రికార్డరు ముందు కూర్చొని "అమ్మీ, అస్సలాము అలైకుం" అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడి, సెలవు మీద వచ్చే దోస్తు చేతికి క్యాసెట్టు ఇచ్చేవాడు. ఇక్కడ ఇంటిల్లిపాది చుట్టూ కూర్చొని వినేవారు. చదువురాని తల్లికి ఉత్తరం కన్న అదే మేలు. ఇంకొకరితో చదివించుకునే అవసరం లేదు, కొడుకు మాట కొడుకు నోటనే వినవచ్చును. మా ఇరుగుపొరుగులో ఒక అమ్మీ ఒకే క్యాసెట్టును తీగ తెగేదాకా విన్నది.

ఆలస్యంగా అందిన వార్త

1986లో జరిగిన ఒక సంగతి మా కండ్ల ముందరిది. పేర్లు రాయము. మా గల్లీలో ఒక పెద్దాయన తెల్లవారుజామున కాలం చేశారు. పెద్దకొడుకు సౌదీలో పనిచేస్తున్నాడు. తెల్లవారగానే టెలిగ్రాం ఇచ్చాము. ఫోను కూడా బుక్ చేశాము గాని లైను దొరకలేదు. దొరికినా, కార్మికుల క్యాంపులో ఫోను దగ్గరికి ఆ పిల్లవాణ్ణి ఎవరు పిలుస్తారు? జొహర్ నమాజు తరువాత జనాజా అయిపోయింది. కొడుకుకు వార్త మూడవనాడు అందింది.

అంతటితో పోలేదు. పదిహేను రోజులకు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. అది వార్త అందకముందు ఆ కొడుకు రాసినది, తండ్రి పేరు మీదనే. "అబ్బా, మందులు వేళకు వేసుకుంటున్నారా?" అని అందులో ఉన్నది. ఆ ఉత్తరం చదివి వినిపించవలసిన పని మా మీద పడింది. ఇంత వయసులోనూ ఆ రోజు మరువలేదు. ఫోను గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే మాకు ఆ ఉత్తరమే గుర్తుకు వస్తుంది.

పసుపుపచ్చ బోర్డులు

1984లో కేంద్ర ప్రభుత్వం సి-డాట్ సంస్థను స్థాపించింది. శాం పిట్రోడా మొదలైనవారి పూనికతో మన వేడికి, మన దుమ్ముకు తట్టుకునే చిన్న ఎక్స్‌ఛేంజీలు తయారైనాయి. ఆ తరువాత ఊరూరా ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అని పసుపుపచ్చ బోర్డులు లేచాయి. అద్దాల గది, పైన మీటరు, అందులో పరుగెత్తే ఎర్ర అంకెలు. ఎస్.టి.డి.కి రాత్రి పొద్దుపోయినాక ఛార్జీ తగ్గేది గనుక అప్పటిదాకా ఆగి వరుసలో నిలబడేవాళ్లం. విదేశానికి మాత్రం నిమిషానికి పదుల రూపాయలు. తల్లి మాట్లాడుతుంటే చిన్నకొడుకు మీటరు చూస్తూ "చాలు అమ్మీ, చాలు" అనేవాడు. సలాం, ఖైరియత్ అయ్యేసరికి సగం పైసలు అయిపోయేవి. అసలు మాట గొంతులోనే ఉండిపోయేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేన కువైట్‌లోకి చొరబడింది. బయటికి ఫోన్లు పోవడం లేదు. కువైట్‌లో మనవాళ్లు ఉన్న ఇండ్లలో రేడియో ఒక్కటే ఆధారం. ఎవరు బతికున్నారో, ఎవరు అమ్మాన్ దాకా చేరినారో తెలియదు. చివరకు భారత ప్రభుత్వం విమానాల మీద విమానాలు నడిపి లక్షా 70 వేలకు పైగా మనుషులను తీసుకువచ్చింది. ఫోను తీగ తెగితే ఇంట్లో అన్నం ఎట్లా దిగదో ఆ నెలలు చూసినవారికి తెలుసు.

ఇంటర్నెట్ వచ్చిన తరువాత

1995 సంవత్సరం రెండు విధాల గుర్తుంచుకోదగినది. ఆ ఏడు జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట నడిచింది. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడు వోకల్‌టెక్ అనే కంపెనీ కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట్లాడే సాధనాన్ని బయటికి తెచ్చింది. కాని ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడడానికి మన దేశంలో చాలాకాలం అనుమతి లేదు. 2002 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఒప్పుకున్నది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు, ఇక్కడి కంప్యూటరు నుంచి పరదేశపు ఫోనుకు మాట్లాడవచ్చునని అన్నది. అప్పుడు హైదరాబాద్ సైబర్ కేఫ్‌లలో తలకు హెడ్‌ఫోన్ పెట్టుకొని గట్టిగా మాట్లాడే తల్లులు కనిపించారు.

2003లో స్కైప్ వచ్చింది. 2015లో వాట్సాప్‌లో మాట, మరుసటి ఏడు వీడియో వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవక అయింది. ఇప్పుడు జెద్దాలో ఉన్న తండ్రి షాద్‌నగర్‌లో పుట్టిన బిడ్డను పుట్టిన గంటకే చూస్తున్నాడు. దేవుని దయ అనుకోవాలి. ఇక బాధ ఏమున్నదని కొందరు అడగవచ్చును. ఉన్నది.

ఇంకా మిగిలిన గోడ

వాట్సాప్ మాటకు రెండు దిక్కులా స్మార్ట్‌ఫోను, రెండు దిక్కులా ఇంటర్నెట్ కావాలి. మన ఇండ్లలో చాలామంది ముసలివారి చేతిలో బటన్ల ఫోనే ఉన్నది. పైగా కొన్ని దేశాల నిబంధనలు వేరు. యు.ఎ.ఇ.లో వాట్సాప్ మాటకు అడ్డు ఉన్నది, అనుమతి పొందిన ఆప్‌లలోనే మాట్లాడాలి. సౌదీ 2017లో నిషేధం సడలించింది గాని, తన షరతులకు ఒప్పుకున్న ఆప్‌లకే. అన్నిటికన్న ముఖ్యం, ఆపద వచ్చినప్పుడు మనం పిలవవలసినది ఆస్పత్రిని, కంపెనీ ఆఫీసును, ఎంబసీని. అవి తరచు గోడకున్న మామూలు ఫోన్లు. వాటికి వాట్సాప్ పనిచేయదు.

ఇక్కడనే బ్రౌజర్ ఫోను పనికివస్తుంది. ఆప్ దించుకోవలసిన పని లేదు. మనం వార్తలు చూసే బ్రౌజర్‌లోనే ఫోను సేవ ఇచ్చే కంపెనీ పేజీ తెరిచి, మైకుకు అనుమతి ఇచ్చి, నంబరు నొక్కాలి. మన మాట చిన్న చిన్న ముక్కలై ఇంటర్నెట్ మీద ఆ కంపెనీ యంత్రం దాకా పోతుంది. ఆ యంత్రం దానిని మామూలు టెలిఫోను వ్యవస్థలోకి ఎక్కిస్తుంది. అవతలివారికి ఇంటర్నెట్ అక్కరలేదు, వారి ఫోను ఎప్పటిలాగనే మోగుతుంది. మాటను కుదించే ఓపస్ అనే పద్ధతి 2012లో ప్రమాణమైంది. బ్రౌజర్‌లోనే మాట్లాడే వెబ్ ఆర్.టి.సి.ని గూగుల్ 2011లో అందరికీ ఇచ్చింది, అది 2021 జనవరిలో ప్రపంచ ప్రమాణమైంది.

ఇది పూర్తిగా ఉచితం కాదెందుకంటే, చివరి అడుగులో అవతలి దేశపు టెలిఫోను కంపెనీకి కొంత కట్టాలి. బయటి నుంచి మన దేశానికి వచ్చే కాల్‌కు ఈ రుసుమును ట్రాయ్ 2018లో నిమిషానికి 53 పైసల నుంచి 30 పైసలకు తగ్గించింది, 2020లో 35 నుంచి 65 పైసల మధ్య ఉండాలన్నది. ఏ దేశం ఎంత వసూలు చేస్తే ధర అట్లా ఉంటుంది. కనుక పైసలు వేసేముందు ఆ దేశపు నిమిషం ధర చూసుకోవాలి. స్కైప్ 2025 మే 5న మూతపడింది. ఏ ఒక్క కంపెనీని నమ్ముకొని ఎక్కువ పైసలు వేసి పెట్టరాదని దాని వల్ల తెలిసింది.

ఇటీవల ఒక కుటుంబంలో మనిషి రియాద్ ఆస్పత్రిలో పడ్డాడు. తోటివారి ఫోన్లు కలవలేదు. ఇంట్లో అందరూ ఏడుస్తూ కూర్చుంటే, కాలేజీ చదివే బిడ్డ లాప్‌టాప్ తెరిచి, బ్రౌజర్ నుంచి ఆస్పత్రి ల్యాండ్‌లైనుకు ఫోను చేసింది. పది నిమిషాలలో వార్డు నర్సు మాట్లాడింది. "ఆపరేషన్ అయింది, మేలుకున్నాడు" అని చెప్పింది. ఆ మాట వినేటప్పుడు మాకు 1986 నాటి ఉత్తరం గుర్తుకు వచ్చింది.

సభ్యులకు మనవి

మనవి చేసేవి కొన్నే. పరదేశంలో మనిషి ఉన్న ప్రతి ఇంటివారు ఆయన కంపెనీ ఆఫీసు నంబరు, క్యాంపు నంబరు, అక్కడి భారత ఎంబసీ నంబరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి. సౌదీ 966, యు.ఎ.ఇ. 971, కువైట్ 965, ఖతర్ 974, బహ్రెయిన్ 973, ఒమన్ 968. నంబరు ముందున్న సున్నా తీసివేసి నొక్కాలి. సౌదీ ల్యాండ్‌లైనుకు రియాద్ 11, జెద్దా 12, దమ్మాం 13. సౌదీ గడియారం మనకన్న రెండున్నర గంటలు, దుబాయిది గంటన్నర వెనుక ఉంటుంది. సౌదీ ఆఫీసులకు శుక్రవారం, శనివారం సెలవు.

బ్రౌజర్ ఫోనుకు ఓ.టి.పి., బ్యాంకు వివరాలు అడిగే తెలియని సైట్ల దగ్గరికి పోరాదు. ఇటువంటి కాల్ కొన్నిసార్లు తెలియని నంబరుగా కనిపిస్తుంది, అమ్మీలు భయపడి ఎత్తరు, కనుక ముందే చెప్పి ఉంచాలి. మన దేశపు అత్యవసర నంబర్లకు దీనిని నమ్ముకోరాదు. అక్కడి చట్టం ఒప్పుకోని దారిలో ఫోను చేయమని అక్కడి మనవాణ్ణి ఒత్తిడి చేయరాదు.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. మీ గల్లీలో కొడుకు ఫోను కోసం కూర్చున్న ముసలమ్మ ఉంటే, వారానికి ఒకసారి వెళ్లి ఆమె నంబరు మీరు నొక్కి పెట్టండి. మీటరు చూసి "చాలు అమ్మీ" అనే కాలం పోయింది. ఆమెను తనివితీరా మాట్లాడనివ్వండి.