ప్రేమకు పూచీకత్తు: మోండ్రాగోన్ యువ పారిశ్రామికులూ ఫాదర్ అరిస్మెండీ

క్రైస్తవ ప్రేమ గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం చుట్టూ తిరుగుతుంది. పేదింటి కుర్రవాడు సొంతంగా ఒక కర్మాగారం పెట్టుకోవడానికి ఆ ప్రేమ ఎంతవరకు పనికొచ్చిందని అడిగేవారు తక్కువ. ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు చరిత్రలో గట్టి సాక్ష్యం స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ ప్రాంతంలోని మోండ్రాగోన్ పట్టణంలో దొరుకుతుంది. ఒక కతోలిక గురువు దగ్గర చదువుకున్న ఐదుగురు యువకులు 1956లో ప్రారంభించిన స్టవ్‌ల తయారీ క్రమంగా ప్రపంచంలోకెల్లా పెద్ద కార్మిక సహకార వ్యవస్థల్లో ఒకటైంది. ఆ గురువు ప్రేమ యువకుల నష్టభయంలో పాలు పంచుకున్న మేరకే ఫలించిందని ఈ వ్యాసంలో నా వాదన.

ఆ గురువు, అరిస్మెండిగా పేరుపడ్డ హోసే మరియా అరిస్మెండియారియెటా, 1915లో మార్కినాలో పుట్టాడు. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో బాస్క్ పక్షాన పత్రికలో పనిచేసినందుకు జైలుపాలై, మరణశిక్ష అంచు దాకా వెళ్లి బయటపడ్డాడు. 1941లో సహాయ గురువుగా మోండ్రాగోన్ విచారణకు (చర్చి పరిధికి) వచ్చేనాటికి ఆ ఊరు యుద్ధంలో ఓడినవాళ్ల ఊరు. ఆకలి, క్షయ, చేతికి పని లేని యువకులు. ఆయన ప్రసంగాలు చప్పగా ఉంటాయని విచారణ ప్రజలు సణుక్కునేవారట. మాటకారి కాకపోవడం వల్లనే చేతల దారి పట్టాడని అనుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఊరికి పెద్ద దిక్కు ఉనియోన్ సెర్రహేరా అనే తాళాల, ఇనుప సామాన్ల కంపెనీ. దాని అప్రెంటిస్ బడి ప్రధానంగా తన ఉద్యోగుల పిల్లలకే. ఆ బడిలో పాఠాలు చెబుతూ ఆయన మిగతా పిల్లలను కూడా చేర్చుకోమని అడిగాడు, కంపెనీ ఒప్పుకోలేదు. అప్పుడు వీధి మలుపుల్లో పెట్టెలు పెట్టించాడు. సాయం చేయదలచినవారు తమ పేరూ, ఏం ఇవ్వగలరో రాసి అందులో వేయాలి. దాదాపు 600 మంది స్పందించారు. 1943లో 20 మంది విద్యార్థులతో వృత్తి విద్యా పాఠశాల మొదలైంది. అలా మొదటి పెట్టుబడి ఏ ఒక్క ధనికుడి కానుకా కాకుండా ఊరంతా వేసిన చీటీలైంది. ఆ బడి విద్యార్థులు పై చదువుకు ఊరు వదలాల్సిన పని లేకుండా జరగోసా ఇంజినీరింగ్ కళాశాల పరీక్షలు బయటి నుంచే రాసే ఏర్పాటు కూడా ఆయనే చేశాడు. 1952 నాటికి 11 మంది పట్టభద్రులయ్యారు.

వారిలో ఐదుగురు ఉనియోన్ సెర్రహేరాలో ఉద్యోగులుగా ఉంటూ, కంపెనీలో కార్మికులకు వాటా ఇవ్వాలని వాదించి విఫలమయ్యారు. కొలువులు వదిలి తమ ఊరివాళ్ల దగ్గరే అప్పు అడిగారు. సుమారు వంద మంది కలిసి కోటీ పది లక్షల పెసెటాలు ఇవ్వడానికి మాట ఇచ్చారు. ఏం తయారు చేస్తారన్నది అప్పటికి తేలనే లేదు. ఇచ్చినవాళ్లకు హామీ ఆ కుర్రవాళ్ల నడవడి, వాళ్ల వెనకున్న గురువు. విటోరియాలో దివాలా తీసిన ఒక చిన్న కంపెనీని లైసెన్సుతో సహా కొని, తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఉల్గోర్ అని పేరు పెట్టి కిరోసిన్ స్టవ్‌లు చేయడం మొదలుపెట్టారు. అతి తక్కువ జీతానికీ అతి ఎక్కువ జీతానికీ మధ్య తేడా 1:3 మించకూడదని నియమం పెట్టుకున్నారు. 1931 నాటి పోప్ లేఖ 'క్వాద్రగేసిమో అన్నో'లో కూలి ఒప్పందానికి భాగస్వామ్యపు గుణం కొంతైనా ఉండాలన్న బోధ ఉంది. అరిస్మెండి శిష్యులు ఆ బోధను దాటి యాజమాన్యాన్నే పంచుకున్నారు.

అసలు విషయం 1959లో జరిగింది. సహకార సంఘాలకు ఒక బ్యాంకు కావాలని గురువు పట్టుబట్టాడు. స్టవ్‌లు చేసుకునే మాకు బ్యాంకెందుకని శిష్యులు వద్దన్నారు. ఆయన ఆగలేదు. స్థాపన పత్రాల మీద ఇద్దరు శిష్యుల సంతకాలు తానే పెట్టేశాడని విలియం ఫూట్ వైట్, కాథ్లీన్ కింగ్ వైట్ దంపతులు 1988లో ప్రచురించిన 'మేకింగ్ మోండ్రాగోన్'లో నమోదు చేశారు. ప్రేమ పేరిట జరిగిన ఈ ఫోర్జరీని భక్తుల రచనలు ముచ్చటగా చెబుతాయి. నేను మాత్రం దీన్ని ఆ ప్రేమలోని పెద్దరికపు పోకడకు ఆధారంగానే చూస్తాను. అయినా కాహా లబొరాల్ అనే ఆ బ్యాంకు నిలిచింది. పొదుపు పుస్తకమా, వలస పెట్టెనా తేల్చుకోండని ఊళ్ల వెంట ప్రచారం చేసి స్థానికుల డబ్బు స్థానికంగానే నిలిపింది. దాని వ్యాపార విభాగం మనం గమనించాల్సినది. సొంత సంస్థ పెట్టాలనుకునే బృందం ఒక వస్తువు ఆలోచనతో, మేనేజరు కాగలవాడితో వస్తే, బ్యాంకు అనుభవజ్ఞుడినొకరిని వారికి జ్ఞానతండ్రిగా జతచేసేది. ఏడాదిన్నర, రెండేళ్లు సాగే మార్కెట్ అధ్యయన కాలంలో మేనేజరు జీతాన్ని అప్పుగా ఇచ్చేది. ప్రారంభ నష్టాలకు తట్టుకునేలా నిలబెట్టేది. సభ్యులు కూడా తమ వంతు పెట్టుబడి పెట్టి తీరాలి, లేనివారికి జీతంలోంచి వాయిదాలుగా మినహాయించేవారు. మత్తయి సువార్తలోని తలాంతుల ఉపమానాన్ని ప్రసంగాల్లో తరచూ వింటాం. తలాంతు అందుకున్నవాడికి తోడు నిలిచే మనిషిని ఏర్పాటు చేసిన ప్రసంగీకులు అరుదు. 1966లో వచ్చిన అలెకోప్ అనే విద్యార్థుల సహకార సంఘంలో వారు సగం పూట చదువు, సగం పూట పని చేసి ఫీజులు సంపాదించుకునే వీలు కలిగింది.

ఈ ప్రేమకు హద్దులు లేకపోలేదు. తొలి రోజుల్లో పెళ్లయిన స్త్రీలు ఉద్యోగం మానాల్సి వచ్చేది. వారి కోసం ఔసో లగున్ అనే సహకార సంఘం 1969లో గానీ రాలేదు. 1974లో ఉల్గోర్‌లో ఉద్యోగ శ్రేణుల నిర్ణయం మీద సమ్మె జరిగితే దాన్ని నడిపినవారిని బయటికి పంపారు. షారిన్ కాస్మిర్ 1996లో రాసిన 'ది మిత్ ఆఫ్ మోండ్రాగోన్' ఇలాంటి వాటిని ఆధారం చేసుకుని, సామాన్య కార్మికుడి కంటే మేనేజర్ల కథే ప్రపంచానికి వినిపించిందని విమర్శించింది. ఆ విమర్శలో చాలావరకు న్యాయముంది. మరోవైపు, నియంత ఫ్రాంకో కాలంలో విదేశీ సరుకుపై ఉన్న కట్టడే విజయ కారణమనే వాదనా ఉంది. స్టవ్‌లు ఎందుకు అమ్ముడయ్యాయో అది చెబుతుంది. అమ్మిన లాభాన్ని ఐదుగురే మింగకుండా ఎందుకు పంచారో చెప్పదు. అక్కడ ఏళ్ల తరబడి ఒక గురువు యువకులతో జరిపిన సంభాషణలే మనకు మిగిలే వివరణ. ఆయన 1976లో మరణించాడు. 2015 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పునీత పట్టం దారిలో ఒక మెట్టు ఎక్కించారు.

ఈ చరిత్రకు తెలుగువారితో ఒక పాత బంధుత్వముంది. జర్మనీలో రైఫైజన్ క్రైస్తవ ప్రేమతోనే 1849లో ధనికుల సాయంపై రైతు సంఘం నడిపాడు. వారి ఉత్సాహం చల్లబడ్డాక, 1864లో అప్పు తీసుకునేవారే సభ్యులుగా, ఒకరికొకరు పూచీగా కొత్త సంఘం కట్టాడు. ఆ నమూనాను బ్రిటిష్ అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రెసిడెన్సీకి సిఫారసు చేశాడు. 1904 సహకార పరపతి సంఘాల చట్టానికి అది దారి తీసింది. మనకు చేరినది చట్టం రూపంలో కాబట్టి, దాని వెనకున్న విశ్వాసం ఊసు మన సహకార చరిత్రల్లో తక్కువ.

మళ్లీ మోండ్రాగోన్ సంగతికి వస్తే, 2013లో ఉల్గోర్ వారసురాలైన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ దివాలా తీసింది. ఇక డబ్బు పోయలేమని సోదర సంఘాలు తేల్చి చెప్పాయి. అయితే దాని సభ్యుల్లో ఎక్కువమందికి ఇతర సంఘాల్లో పనో, ముందస్తు పింఛనో చూపాయి. నష్టంలో పాలు పంచుకోవడమే ఇక్కడి కొలత కాబట్టి, తెలుగు నేల మీది మిషన్ వృత్తి శిక్షణ సంస్థలపై పరిశోధన చేసేవారికి నా మనవి ఇదే: ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారన్న లెక్కతో ఆగకండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ యువతీయువకులకు అప్పు ఎవరిచ్చారు, పూచీ ఎవరున్నారు, తొలి ఏడాది నష్టం ఎవరు భరించారు అన్నవి కూడా అడగండి.