మిషనరీ కుటుంబములు – వారి సెలవు సంవత్సరములు

తెలుగు జిల్లాలలో పనిచేసిన క్రైస్తవ మిషనరీలను గూర్చిన చరిత్రలలో వారు కట్టించిన బడులు, ఆసుపత్రులు, అచ్చువేయించిన గ్రంథములు, బాప్తిస్మమిచ్చిన వారి సంఖ్యలు విస్తారముగా కానవచ్చును. వారు సెలవుపై స్వదేశమునకు వెళ్ళిన సంవత్సరములను మాత్రము ఒకటి రెండు పంక్తులతో ముగించుట వాడుక. ఆరోగ్యము చెడినందున వెళ్ళిరి, కొంతకాలమునకు తిరిగి వచ్చిరి, అంతటితో సరి. జీవితమంతయు గుమాస్తా పనిలో సెలవు రిజిస్టరులు వ్రాసిన మాకు ఇట్టి పంక్తి కనబడినపుడెల్ల మనస్సు అచటనే ఆగుచుండెడిది. రిజిస్టరులో ‘ఫర్లో’ అని యొక మాటయే యుండును. ఆ మాట వెనుక నొక కుటుంబము పెట్టెలు సర్దుకొనుచుండును.

పరిశీలించిన కొలది మాకు తోచినదేమనగా, నెల్లూరు, గుంటూరు, రాజమహేంద్రవరము మిషనుల భవితవ్యము ఇచటి బంగళాలలో కంటె అమెరికాలో గడచిన ఆ సెలవు సంవత్సరములలోనే పెక్కుమారులు నిర్ణయింపబడినది. ఆ నిర్ణయములకు మూల్యము చెల్లించిన వారిలో భార్యలు, బిడ్డలు ముఖ్యులు.

ఒరిస్సాలోని మన సోదరులకు ఆసక్తి కలిగించు సంగతి మొదట చెప్పెదము. నెల్లూరు మిషనుకు విత్తనము పడినది కటకము, పూరీ ప్రాంతములలో పనిచేసిన ఆమోస్ సట్టన్ అను ఆంగ్లేయుని సెలవు కాలములో. ఆయన 1825లో ఒరిస్సాకు వచ్చెను. తరువాత ఒరియా నిఘంటువును కూర్చి, ఒరియాలో బైబిలును వెలువరించినవాడు ఆయనయే. ఆయన రెండవ భార్య ఎలిజబెత్తు అమెరికా దేశస్థురాలు. తూర్పు దేశములలో మరణించిన యొక అమెరికన్ మిషనరీ భార్య. ఆరోగ్యము చెడి సెలవు తీసికొనిన సట్టన్ ఆమె పుట్టిన దేశమునకును వెళ్ళెను. అచట 1835లో రిచ్మండు నగరమున సమావేశమైన బాప్టిస్టుల యెదుట, తన ఒరిస్సాకు ప్రక్కనే కోట్లాది తెలుగువారున్నారనియు, వారి కొరకు అమెరికావారు ఎవ్వరినైనను పంపవలెననియు వాదించెను. విశ్రాంతికై వెళ్ళినవాడు చేసిన పని యిది!

ఆ సంవత్సరమే సెప్టెంబరులో బోస్టను రేవునుండి ‘లూవర్’ అను ఓడ బయలుదేరెను. అందులో సట్టన్ దంపతులతో పాటు ఒరిస్సాకు పోవు క్రొత్త అమెరికన్ మిషనరీలును, తెలుగుదేశమునకు నియమితుడైన శామ్యూల్ డే, ఆయన భార్య రొయెన్నాయును ఉండిరి. ఓడ 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరెను. డే దంపతులు మొదట విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతముల నుండి, 1837లో చెన్నపట్నమునకు వచ్చి మూడు సంవత్సరములు ఇచటి తెలుగువారి నడుమ పనిచేసిరి. చెన్నపట్నమున తెలుగువారికి కొదువ లేదు. అది మన పెద్దలెల్లరు ఎరిగినదే. అయినను తెలుగు మిషను తెలుగు నేలమీదనే నిలువవలెనని తలచి, డే 1840లో కుటుంబముతో నెల్లూరికి తరలెను.

అచట అయిదారేండ్లు గడచునప్పటికి ఆయన ఆరోగ్యము పూర్తిగా చెడెను. 1845 కడపట కుటుంబముతో స్వదేశమునకు బయలుదేరవలసి వచ్చెను. అమెరికాలో ఆయనకు ఎదురైనది విశ్రాంతి కాదు. పదేండ్లు పనిచేసినను తగిన ఫలము కానరాని తెలుగు మిషనును మూసివేయవలెనా యను చర్చ. డే మూయరాదని పట్టుపట్టెను. తుదకు మిషను నిలిచినది. 1848 అక్టోబరులో ఆయన లైమన్ జెవెట్టు దంపతులతో మరల ఓడ యెక్కెను. ఈసారి రొయెన్నా యెక్కలేదు. బిడ్డలను, వారి తల్లిని అమెరికాలో విడిచి ఆయన యొక్కడే వచ్చెను. 1849లో నెల్లూరు చేరి, 1853లో ఆరోగ్యము మరల చెడు వరకు అచటనే యుండెను.

ఈ అయిదేండ్ల యెడబాటును గూర్చి మేము చూచిన గ్రంథములలో దొరకునది ‘కుటుంబమును అచటనే విడిచి’ యను మాటకు మించి లేదు. ఉత్తరము వ్రాసి ప్రత్యుత్తరము అందుకొనుటకు నెలలు పట్టు కాలమది. ఒక బిడ్డకు జ్వరమని తండ్రికి తెలియునప్పటికి ఆ జ్వరము తగ్గియైన నుండవలెను, లేక మరేమైనను జరిగియుండవలెను. నెల్లూరి పని నిలిపినవాడు డే యని చరిత్రకారులు వ్రాయుదురు. అది నిజమే. ఆ అయిదేండ్లు బిడ్డలను పెంచి ఆయనను పనికి విడిచిపుచ్చిన రొయెన్నా పేరు మిషను చరిత్రలో ఆయన పేరు ప్రక్కన ఉండదగినదని మా అభిప్రాయము. మన కుటుంబములలోను ఒకరు ఉద్యోగమునకై ముందుగా బళ్ళారికో, బరంపురమునకో, చెన్నపట్నమునకో వచ్చి, ఇల్లాలిని పిల్లలను స్వగ్రామమున పెట్టిన కథలు లేకపోలేదు. పెట్టె పంపుటకు, పండుగకు పోవుటకు మనకు రైలుండెను. వారికి నడుమ రెండు సముద్రములు.

1853లో మూసివేత చర్చ మరల వచ్చెను. పటముపై ఒంటరి చుక్కగా నిలిచిన నెల్లూరును గూర్చి ఎస్. ఎఫ్. స్మిత్ అను కవి ‘ఒంటరి నక్షత్రము’ అను పద్యము వ్రాసినది అప్పుడే. నెల్లూరు మిషనుకు ఆ పేరు స్థిరపడినది. 1862లో జెవెట్టు సెలవుపై వెళ్ళినపుడు మూడవసారి అదే ప్రశ్న. ఎవరు పంపినను పంపకున్నను తాను తిరిగి పోవుదునని ఆయన పట్టుపట్టగా పెద్దలు లొంగి, జాన్ క్లౌ అను యువకుని తోడిచ్చి పంపిరి. వారు 1865లో వచ్చిరి. ఆ క్లౌ కాలముననే, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు సమీపమున గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. మతాంతరీకరణమును గూర్చి పాఠకుల అభిప్రాయము లెట్లున్నను, ఆ దినము తెలుగుదేశపు సాంఘిక చరిత్రలో లెక్కకు రాదగినది. మూడు సెలవులలో ఏ యొక్కదానియందైనను ‘మూయుడు’ అను మాట నెగ్గియుండిన, ఆ కథ యిట్లు నడచియుండదు.

సెలవులో దినచర్య యెట్టిది? ఊరూర దేవాలయములలో ఉపన్యాసములు, చందాలు, క్రొత్తవారిని పోగుచేయుట. క్లౌ 1872లో వెళ్ళి, రామాయపట్నపు వేదపాఠశాలకై యాబదివేల డాలర్ల మూలధనము కూర్చి 1874లో మరలివచ్చెను. భార్యలు స్త్రీల సమాజములలో మాటలాడుచుండిరి. చందా పుస్తకము పట్టి నాలుగు ఇండ్లు తిరిగినవారికి ఆ శ్రమ యెట్టిదో తెలియును.

గుంటూరు లూథరన్ మిషనుకు మూలపురుషుడైన హేయరు సెలవు వేరొక రీతిగా గడపెను. ఆయన 1842లో వచ్చునప్పటికే భార్య గతించియుండెను. బిడ్డలను అమెరికాలో విడిచి వచ్చెను. 1846 ప్రాంతమున తిరిగివెళ్ళి, యాబదియేండ్లు దాటిన వయస్సున బాల్టిమోరు నగరమున వైద్యము చదివి పట్టము పొంది, 1848లో వైద్యుడై గుంటూరు చేరెను. తుదకు డెబ్బదియైదేండ్లు గడచిన పిమ్మట, రాజమహేంద్రవరపు క్షేత్రమును వేరొక సంఘమునకు అప్పగింపబోవుచున్నారని విని, 1869లో తానే వెళ్ళెదనని లేచి, ఓడ యెక్కి, ఆ క్షేత్రమును నిలిపెను. 1873లో ఫిలడెల్ఫియాలో మరణించెను.

ఇక బిడ్డల సంగతి. ఎండకు, జ్వరములకు భయపడియు, చదువు కొరకును వారిని చిన్నతనముననే స్వదేశమునకు పంపుచుండిరి. లండన్ మిషనువారు బళ్ళారి, కడప, విశాఖపట్నములలో పనిచేసిరి కదా. అట్టివారి బాలికల కొరకు లండను చెంత వాల్తమ్‌స్టో యందు 1838లోను, బాలుర కొరకు 1842లోను పాఠశాలలు వెలసినవి. ఆయా ఒడిలో తెలుగు మాటలు నేర్చిన బిడ్డకు ఆ చలిలో ఎవరు బంధువులు? ఊరు కాని ఊరిలో పెరిగి, సొంత ఊరికి పోయినపుడు అచటను క్రొత్తవారుగా నిలుచుట మన పిల్లలును ఎరిగినదే. కాని మన పిల్లల వెంట తల్లిదండ్రులుండిరి.

ఈ యెడబాటు కొంత తగ్గుటకు కారణమైనది తమిళదేశపు కొండ. 1845లో మధుర అమెరికన్ మిషను కుటుంబములు జ్వరముల బారినుండి తప్పించుకొనుటకు కోడైకనాలు ఎక్కి, సన్నీసైడు, షెల్టను అను రెండు బంగళాలు కట్టుకొనిరి. తరువాత ఇతర మిషనుల వారును వేసవికి అచటికి చేరుచుండిరి. ఓడలో పంపనక్కరలేకుండ పిల్లలకు అచటనే బడి పెట్టవలెనని ఒక మిషనరీ తల్లి, మార్గరెట్టు ఎడ్డీ, పూనుకొనగా 1901లో పాఠశాల వెలసెను. అప్పటినుండి అచట చేరిన బిడ్డలు సెలవులకు రైలెక్కి తల్లిదండ్రుల యొద్దకు రాగలిగిరి. ఆ పాఠశాల నేటికిని అంతర్జాతీయ పాఠశాల యను పేరున కోడైకనాలు సరస్సు చెంత నడచుచున్నది.