చెత్తను నొక్కే రెక్క

కార్వేటినగరం లాంటి చిన్న ఊళ్లలో చెత్త ట్రైసైకిల్ మీదో ట్రాక్టరు మీదో కదులుతుంది. అక్కడి గుడి వీధులకు అంతకంటే పెద్ద బండి అక్కర్లేదు. తిరుపతికి వస్తే లెక్క మారుతుంది. జనం ఎక్కువ, మోసే దూరం ఎక్కువ, కాబట్టి చెత్తను కుదించి తక్కువ ట్రిప్పుల్లో తీసుకుపోవాలి. చెత్తను నొక్కి మోసే బండి, అంటే కంపాక్టరు, పుట్టింది అలాంటి అవసరం కోసమే.

తిరుపతి పురపాలక సంఘం 1886లో ఏర్పడింది. అప్పట్లో చెత్తను ఎక్కువగా మోసింది జంతువులు లాగే బండ్లే. 1897లో లండన్ పక్కనున్న చిస్విక్‌లో థార్నీక్రాఫ్ట్ ఆవిరి బండి ఆ పనికి దిగింది. మోత సులువైంది కానీ, నొక్కడం రాలేదు. అది 1938లో డెట్రాయిట్‌కు చెందిన గార్‌వుడ్ సంస్థ తెచ్చిన లోడ్‌ప్యాకర్‌తో వచ్చింది. వెనక తొట్టిలో పడిన చెత్తను హైడ్రాలిక్ బలంతో కదిలే ప్లేటు లోపలికి ఊడ్చి నొక్కేది. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే వెనక తొట్టి కంపాక్టర్లది కూడా ఇదే పద్ధతి.

ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా చెత్తలో కాగితం, అట్టపెట్టెలు పెరిగాయి. తేలికైన ఆ చెత్తను నొక్కితే బాగా కుదించుకుపోతుంది. మన చెత్తలో సగం దాకా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరిటాకులే. అసలే బరువు, దాన్ని నొక్కితే నీరు ఊరుతుంది. పర్యావరణ కార్యకర్త ఆల్మిత్రా పటేల్ 1996లో చెత్త నిర్వహణపై సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. చెత్తను కప్పి తీసుకెళ్లాలని, మళ్లీ మళ్లీ చేతులు మార్చకూడదని అవి చెప్పాయి. కప్పు ఉన్న కంపాక్టరు ఆ రెండు షరతులకూ సరిపోయింది. కానీ పొడి చెత్తకు కుదిరిన యంత్రానికి మన తడి చెత్త తగిలింది. ఇక్కడి మెకానిక్కుల కష్టమంతా అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

తడి చెత్త నుంచి ఊరే పుల్లటి రసం ఇనుమును తింటుంది, పిన్నుల్లోని గ్రీజును కడిగేస్తుంది. గ్రీజు లేని పిన్ను బుష్‌ను అరగదీస్తుంది. ప్లేటు జారే చోట ఉండే ప్యాడ్లు ఒకవైపు ఎక్కువ అరిగితే ప్లేటు వంకరగా నడుస్తుంది. అప్పుడు సిలిండర్ రాడ్డు మీద పక్క బరువు పడి సీలు చిరుగుతుంది, ఆయిలు కారుతుంది. చాలామంది సీలు మార్చి ఊరుకుంటారు. కొన్నాళ్లకు అదే సీలు మళ్లీ పోతుంది. ముందు చూడాల్సింది ప్యాడ్లనే: ఇనుము ఇనుముకు రాసుకోకముందే కింద రేకు ముక్కలు పెట్టి సందు సరిచేయాలి, లేదా ప్యాడ్లే మార్చాలి. చెత్తను బయటికి తోసే ప్లేటు వెనక చేరే మట్టినీ గుడ్డపీలికలనూ రోజూ తీయాలి. లేకపోతే ప్లేటు పూర్తిగా వెనక్కి రాదు. 2016 నాటి కేంద్ర నిబంధనలు కోరినట్టు తడి, పొడి చెత్తలు ఇంటి దగ్గరే వేరైతే ఈ అరుగుదల తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఈ మరమ్మతు చేసే మనిషి భద్రత. ఇంజిన్ ఆపినా లైనులో ఒత్తిడి నిలిచే ఉంటుంది. లీవర్లు కదిపి దాన్ని వదలాలి. హోస్‌లో సూదిమొన అంత రంధ్రం నుంచి చిమ్మే ఆయిలు చర్మంలోకి దూసుకుపోగలదు, కాబట్టి లీకును వేలితో కాదు, అట్టముక్కతో వెతకాలి. వెనక తలుపు ఎత్తినప్పుడు ఆధారపు కడ్డీ బిగించాకే దాని కిందికి వెళ్లాలి. ఆ తలుపు సిలిండర్ మీదే నిలబడి ఉంటే, ఒక్క హోస్ తెగినా కిందికి పడిపోవచ్చు.