కుట్టుపడవ నమూనా

రాజుల చరిత్రకు శాసనములు కలవు. దేవాలయముల చరిత్రకు శిల్పములు కలవు. సముద్రముపై బ్రతుకు సాగించిన జాలరి పడవకు అట్టి సాక్ష్యము అరుదు. అది చెక్కతోను నారతోను పుట్టి, కొన్ని యేండ్లు అలలతో పోరాడి, తుదకు ఇసుకలో శిథిలమగును. దానిని కట్టినవాడు కాగితముపై గీత గీచినవాడు కాడు. కొలతలన్నియు అతని కంటిలోను చేతిలోను ఉండెను. అట్టి పడవను రాబోవు తరములకు తెలుపుటకు మార్గములలో శ్రేష్ఠమైనది, కొలతకు సరిగా, మొదటినుండి తుదివరకు చేతితో కట్టిన చిన్న నమూనా. అయితే ఆ నమూనా రూపమున మాత్రమేగాక, కట్టిన క్రమమునందును అసలుకు నిజమైనదై యుండవలెను. కోరమాండల్ తీరపు కుట్టుపడవ ఇందుకు తగిన ఉదాహరణము.

ఆంగ్లేయులు దీనిని మసూలా బోటు అనిరి. ఆంధ్ర తీరమున దీనికి పడవ అనియే పేరు. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ తీరమునకు వచ్చిన ఆంగ్ల వర్తకుడు థామస్ బౌరీ దీనిని చూచి వర్ణించెను. పక్కటెముకలవంటి వంపుకొయ్యలు లోపల లేవనియు, అడ్డకొయ్యలే ప్రక్కలను పట్టియుంచుననియు, వెడల్పైన పలుచని పలకలు కొబ్బరినార త్రాటితో కుట్టబడెననియు, అడుగు చదునుగా నుండుననియు ఆయన వ్రాసెను. ఆ వ్రాతప్రతిని హక్లూట్ సొసైటీ 1905లో అచ్చువేసెను.

ఈ నిర్మాణమునకు కారణము తీరముననే కలదు. మద్రాసు హార్బరుకు 1875లో శంకుస్థాపన జరిగెను. 1881 నవంబరు తుపానులో అది దెబ్బతినగా మరల కట్టవలసివచ్చెను. విశాఖపట్టణపు హార్బరు 1933లో తెరవబడెను. అంతకు పూర్వము ఓడలు దూరమున లంగరు దించుచుండగా, విరిగిపడు అలలను దాటి సరకును మనుష్యులను ఒడ్డు చేర్చినది కుట్టుపడవయే. మేకులతో బిగించిన పడవ ఇసుకకు మోదుకొన్నచో కీళ్లు పగులును. కుట్టుపడవ కొంత వంగి, ఆ దెబ్బను ఓర్చుకొనును. హార్బరులు వచ్చిన పిదప రవాణా తగ్గినను, చేపలవేట మిగిలెను. అలివి వలను అర్ధచంద్రాకారముగా సముద్రములో వదలివచ్చుటకు ఈ పడవ పనికివచ్చుచుండెను. ఒడ్డున నిలిచినవారు వల రెండు కొసలను లాగుచుండిరి.

దీని కొలతలను వ్రాసియుంచినవారు కొలదిమందియే. త్రికోణమలలోని నౌకాశాలయందు పనిచేసిన జాన్ ఎడీ 1834లో ప్రకటించిన వ్యాసమున దీని పొడవు 30 మొదలు 35 అడుగులు, వెడల్పు 10 మొదలు 11 అడుగులు, లోతు 7 మొదలు 8 అడుగులు అని తెలిపెను. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మాన్ పారిస్ ఫేవరీత్ అను ఓడలో ఈ తీరమునకు వచ్చి ఇచ్చటి పడవలను కొలిచి చిత్రించెను. ఐరోపాకు వెలుపలి జాతుల పడవలపై ఆయన రచించిన గ్రంథము 1841 మొదలు 1843 వరకు వెలువడెను. ఆయన 1871లో పారిస్ నగరపు నౌకా ప్రదర్శనశాలకు అధికారియై, తాను గీచిన చిత్రములనుండి నమూనాలు చేయించెను. కాగితముపై కొలతలు నిలిచియుండుటచేతనే, పడవలు కంటికి దూరమైన పిదపను వాటి ఆకారము మరల చెక్కలో లేచినది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవలపై ప్రకటించిన గ్రంథము మరియొక ఆధారము.

ఇక నమూనా సంగతి. అడుగునకు అరయంగుళము చొప్పున, అనగా ఇరువదినాలుగవ వంతున కట్టినచో, 30 అడుగుల పడవ 15 అంగుళములగును. 10 అడుగుల వెడల్పు 5 అంగుళములు, 7 అడుగుల లోతు మూడున్నర అంగుళములు అగును. అంగుళము మందపు పలకకు ఒక మిల్లీమీటరు మందపు రేకు చాలును. కష్టమంతయు కుట్టులో నున్నది. రంధ్రములు రెండేసి అంగుళముల దూరమున నున్నవనుకొన్నచో, 30 అడుగుల అతుకునకు పలక యంచున 180 రంధ్రములు, ఎదుటి పలకయంచున మరి 180 వేయవలెను. నమూనాలో వాటి మధ్య దూరము రెండు మిల్లీమీటర్లకు కొంచెము హెచ్చు మాత్రమే. అంత దగ్గరగా రంధ్రములు వేసిన కొయ్య చీలిపోవచ్చును. కావున పనివాడు ముందుగా ఒక ముక్కపై కుట్టి పరీక్షింపవలెను. కొబ్బరినారను ఇరువదినాలుగవ వంతు సన్నము చేయుట సాధ్యముకాదు. దాని స్థానమున ఆ రంగు అద్దిన సన్నని నూలుదారము వాడవలసియుండును.

సాధారణముగా ఓడ నమూనా చేయువాడు మొదట అస్థిపంజరమును నిలిపి, దానిపై పలకలు అతికించును. కుట్టుపడవకు ఆ పద్ధతి పనికిరాదు. ఇందు అడుగు పలకలు మొదట, ముందు వెనుకల నిలువుకొయ్యలు పిదప, ప్రక్కపలకలు ఆ పిదప వచ్చును. లోపల అతుకు వెంబడి నార చుట్టను పరచి, దానిమీదుగా త్రాడు ఇటునటు లాగి బిగింతురు. తడిసిన నార ఉబ్బి నీటిని ఆపును. అడ్డకొయ్యలు కడపట అమరును. లోపల అచ్చుకొయ్యలు పెట్టి, జిగురుతో అతికించి, పైన దారము గీతలవలె చూపినచో చూపరులు మెచ్చుకొనవచ్చును. కాని అది చరిత్రకు అసత్యమగును. ఆ నమూనా పడవ ఆకారమును చూపునుగాని, ఆ పడవ ఏల విరుగకుండెనో చెప్పదు.

నిజమైన క్రమమున కట్టినవానికి గ్రంథములు స్పష్టముగా తెలుపని సంగతులు చేతికి తెలియును. ఒక కుట్టు వదలినచో ప్రక్క కుట్లపై బరువు ఎట్లు పడునో, పలక ఎంతవరకు వంగునో అతడు గ్రహించును. నార చివికినప్పుడు కుట్లు విప్పి, అవే పలకలను మరల కుట్టుటకు వీలున్నదనియు అతనికి బోధపడును. పేదవాని పొదుపు ఆ కుట్టులోనే దాగియున్నది. పొడవైన కఱ్ఱకు కొసన పలక కట్టిన తెడ్లను సైతము అదే కొలతన చేసినప్పుడు, అల విరుగుచోట ఆ పొడవు ఏల కావలసెనో తెలియును.

ఎరిక్ కెంట్లీ 1985లో ఈ తూర్పుతీరపు కుట్టుపడవలపై పరిశోధన వ్యాసము ప్రకటించునాటికి అవి ఇంకను వాడుకలో నుండెను. తరువాతి దశాబ్దములలో ఫైబర్ పడవలును యంత్రములును తీరమంతట వ్యాపించెను. అందువలన జాలరికి కలిగిన మేలును కాదనుట న్యాయము కాదు. తెడ్డు వేసినవాని భుజమునకే ఆ కష్టము తెలియును. కాని పడవ మారుట వేరు, దాని విద్య మరపునపడుట వేరు. మొదటిది కాలధర్మము, రెండవది మన అశ్రద్ధ.

కావున తీరగ్రామముల యువకులు కుట్టు ఎరిగిన వృద్ధులుండగనే వారిని ఆశ్రయింపవలెను. మిగిలిన పడవను టేపుతో కొలిచి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క కొయ్యకు ఆ యూరివారు పలుకు పేరును వ్రాసికొని, ఆ వృద్ధుల కన్నుల యెదుటనే నమూనా కట్టవలెను. తప్పినచోట వారే దిద్దుదురు. ఆ నమూనాను, దాని ప్రక్కన కొలతల పుస్తకమును గ్రామ గ్రంథాలయమున నిలిపినచో, ఎన్నడును సముద్రమున దింపని ఆ చిన్నపడవను చూచి, కావలసినవాడు పెద్దపడవను మరల కట్టగలడు.