టికీ గదిలో కిటికీ

టికీ గది కోసం వచ్చేవాళ్లు నాతో అనే మొదటి మాట ఒకటే: కిటికీ కనబడకూడదు. దక్షిణ కాలిఫోర్నియాలో కర్టెన్లు కుట్టి బతికే మనిషిని నేను. పడకగదికీ వంటగదికీ కొలతలు తీసుకునేటప్పుడు ఎవరైనా వెలుతురు ఎంత రావాలో చెబుతారు. ఇంట్లో ఓ మూల వెదురు బల్ల వేసి, టికీ అనే చెక్క దేవుడి బొమ్మ నిలబెట్టి, ఆ గదిని దక్షిణ సముద్రపు దీవి చేసుకునేవాళ్లు మాత్రం వెలుతురే వద్దంటారు. ఎండ దండిగా కాసే దీవుల పేరు చెప్పి ఈ చీకటి ఎందుకో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. కారణం దీవుల్లో లేదు, హాలీవుడ్‌లో ఉంది.

1933 డిసెంబరులో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ వెనువెంటనే ఎర్నెస్ట్ గాంట్ అనే యువకుడు హాలీవుడ్‌లో ఓ ఇరుకు గదిలో బారు తెరిచాడు. దానికి డాన్ ద బీచ్‌కోంబర్ అని పేరు పెట్టి, కొన్నాళ్లకు తన పేరు కూడా డాన్ బీచ్‌గా మార్చేసుకున్నాడు. పెట్టుబడి తక్కువ, సరుకు ఎక్కువ: దేశాలు తిరిగి పోగుచేసుకున్న చేపల వలలు, వెదుళ్లు, ఓడల సామాను. ఇవే వస్తువులు సినిమావాళ్లకు సెట్టింగుల కోసం అద్దెకు కూడా ఇచ్చేవాడు. అతని గురించి చెప్పుకునే కథల్లో నాకు నచ్చింది వాన కథ. బయట చినుకు లేకపోయినా రేకుల కప్పు మీద నీళ్లు కొట్టించేవాడట. ఆ చప్పుడుకి బయల్దేరబోయినవాళ్లు ఆగిపోయి ఇంకో గ్లాసు తెప్పించుకునేవారట. కిటికీ ఉంటే ఈ ఉపాయం పారదు. ఎదుట పొడిగా ఉన్న రోడ్డు కనిపించిందా, గుట్టు రట్టయిపోతుంది.

ఓక్లండ్‌లో విక్టర్ బెర్జెరాన్ 1934లో పెట్టిన భోజనశాల తర్వాత ట్రేడర్ విక్స్ అయింది, ఊరూరా శాఖలు వేసింది. వరస మాత్రం డాన్ వేసిందే. లోపలికి అడుగుపెడితే బయట ఏ ఊరో, ఏ వేళో తెలియకూడదు.

తమాషా ఏమిటంటే, కొన్నాళ్లకు వ్యాపారస్తులే కిటికీని మళ్లీ తెచ్చిపెట్టారు, కాకపోతే దాని వెనక సొంత వాతావరణం అమర్చుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫెయిర్‌మాంట్ హోటల్ తన ఈతకొలనును 1945లో టోంగా రూమ్‌గా మార్చింది. ఎం.జి.ఎం. స్టూడియో సెట్టింగుల మనిషి మెల్ మెల్విన్ దానికి రూపం ఇచ్చాడు. ఉండుండి ఉరుముతుంది, కొలను మీద వాన కురుస్తుంది. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో 1961లో తెరిచిన కహికిలో ఒకవైపు గోడకు చేపల తొట్లు, ఇంకోవైపు అద్దాల వెనక అడవి, అందులో ఉరుములూ జల్లూ ఉండేవి. 1963 జూన్ 23న డిస్నీలాండ్‌లో మొదలైన ఎన్‌చాంటెడ్ టికీ రూమ్‌లో మరపక్షులు పాడి అలిసిపోయాక కిటికీల అవతల మెరుపులు మెరుస్తాయి, నీళ్లు జారతాయి. మంచు కురిసే కొలంబస్‌లో జనం డబ్బిచ్చి వాన చూశారంటే, జులైలో వాన చాలించమని దణ్ణాలు పెట్టే అమలాపురం పిల్లను, నాకు నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

ఇళ్లలోకి ఈ మోజు రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చింది. పసిఫిక్‌లో పనిచేసి తిరిగొచ్చిన సైనికులు లక్షల్లో ఉన్నారు. 1947లో థార్ హెయర్‌డాల్ అనే సాహసి పెరూ నుంచి కాన్-టికీ తెప్ప మీద బయల్దేరి 101 రోజులకు పాలినీషియా దీవుల్లో తేలాడు. 1949లో సౌత్ పసిఫిక్ నాటకం బ్రాడ్‌వే ఎక్కింది. 1959లో హవాయి అమెరికాకు 50వ రాష్ట్రమైంది, అక్కడికి జెట్ విమానాలు మొదలయ్యాయి. దీవికి టిక్కెట్టు కొనలేని ఉద్యోగస్తులు ఆదివారాలు సుత్తీ మేకులూ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగారు.

అప్పుడే శివార్లలో వరసలు వరసలుగా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. వాటి గొప్పంతా ముందుగదిలో గోడంత అద్దం కిటికీ. వీధికి ఇల్లు కనిపించాలి, ఇంటికి వీధి కనిపించాలి. టికీ గది దీనికి పూర్తిగా తిరగబడింది. బేస్‌మెంట్ అయితే కిటికీ ఎలాగూ నేలమట్టంలో జానెడే ఉంటుంది; దాని మీద ఒక చాప ముక్క పరిచి, అంచుల వెంట చీల్చిన వెదురు బద్దలు కొడితే సరి. ఆ చాప హవాయివాళ్లు లౌహాలా అనేది. మన మొగలి జాతి చెట్టు ఆకే. ముళ్లు తీసి, ఎండబెట్టి, చీలికలు చేసి అల్లుతారు. పైగదుల కిటికీలకు అగ్గిపుల్లంత సన్నని వెదురు పుల్లలతో జపాన్‌లో చేసిన చుట్టు తెరలు. తాడు లాగితే పైకి చుట్టుకుంటాయి. వాటి ముందు చేపల వల, వలలో పచ్చని గాజు బుడ్లు. అవి జపాన్ జాలర్ల వలల నుంచి తెగి, సముద్రం మీద ఏళ్ల తరబడి తేలి హవాయికీ ఒరెగాన్‌కీ కొట్టుకొచ్చినవి. గిరాకీ పెరిగాక అలంకారం కోసమే ఊదినవి కూడా బజారులోకి వచ్చాయి. అసలైన బుడ్డి వల తాడు రాపిడికి గరుకుబారి ఉంటుంది. పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇక నా వృత్తికి దగ్గరిది బార్క్‌క్లాత్. దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి. పేరుకు చెట్టుబెరడు గుడ్డ, నిజానికి అమెరికా మిల్లుల్లో నేసిన దళసరి నూలుగుడ్డ. నేతలోనే గరుకు తెప్పించి బెరడులా కనిపించేటట్లు చేసేవారు. 1940లు, 50లలో ముందుగది కర్టెన్ అంటే చాలా ఇళ్లలో ఇదే. బూడిదరంగు మీదో, ముదురు ఆకుపచ్చ మీదో అరచేతికి పట్టనంత ఆకులు, మందారాలు. ఎక్కువగా కనిపించే చిల్లుల ఆకు మాన్‌స్టెరాది. ఆ మొక్క పుట్టిల్లు మధ్య అమెరికా, మెక్సికో అడవులు. పాలినీషియాకు అది కూడా ఒక పర్యాటకురాలే. దీన్ని కుట్టాలంటే ఓపిక కావాలి. డిజైన్ అంత పెద్దది కాబట్టి రెండు పన్నాల్లో ఆకు ఆకుతో కలవాలంటే బోలెడు గుడ్డ వృథా అవుతుంది. ఆ కాలపు కర్టెన్ ఎవరైనా బాగు చేయమని తెస్తే ముందు దాన్ని దీపానికి అడ్డం పెట్టి చూస్తాను. మడత బయటికి వచ్చిన చోటల్లా ఎండ తిని, నిలువునా పిగిలిపోయి ఉంటుంది. లోపలి మడత మాత్రం నిన్న కొన్నట్టు. అందుకే ఇప్పుడు ఏది కుట్టినా వెనక వెలుతురు చొరని లైనింగు వేయందే ఒప్పుకోను.

అసలు బెరడు గుడ్డను పసిఫిక్ దీవుల్లో ఆడవాళ్లు చేసేవారు. కాగితపు మల్బరీ చెట్టు లోపలి బెరడు ఒలిచి, నానబెట్టి, చెక్క దిమ్మ మీద పెట్టి బరువైన కర్రతో పలచబడేదాకా కొడతారు. ముక్క ముక్క అతికించి, చెట్ల రంగులతో బొమ్మలు వేస్తారు. టోంగాలో దాన్ని ఙాతు అంటారు, సమోవాలో సియాపో, ఫిజీలో మాసి, హవాయిలో కాపా. పెళ్లిలో, చావులో, పెద్దల పట్టాభిషేకంలో ఇచ్చిపుచ్చుకునే సంపద అది. తడిస్తే మెత్తబడి పోతుంది. దాన్ని కిటికీకి కట్టి వాన జల్లుకు వదిలేయాలని అక్కడ ఎవరికీ తోచకపోవడం సహజం.

అసలు అక్కడ కట్టడానికి కిటికీ ఉంటేగా. సమోవా సంప్రదాయపు ఇల్లు ఫాలేకు గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన చెరకు ఆకు కప్పు, కింద గులకరాళ్ల నేల. చూరు చుట్టూ కొబ్బరాకు అల్లిన తెరలు వేలాడతాయి, పోలా అంటారు. గాలివాన వస్తే ఆ వైపువి దించుతారు, తెరిపివ్వగానే పైకి లాగేస్తారు. మా కోనసీమ కొబ్బరి తడిక చూసినవాళ్లకు కొత్తగా వివరించక్కర్లేదు. ఇల్లంతా కిటికీయే అయిన చోటు పేరు చెప్పి అమెరికావాళ్లు ఉన్న కిటికీలకు మేకులు కొట్టారు. హాలీవుడ్ బారును ఇంటికి తెచ్చుకున్నారే గాని దీవిని తెచ్చుకోలేదు.

తెరిచి చూస్తే ఏం కనిపించేదో కూడా చెప్పాలి. ఆ చాపలు కొడుతున్న ఏళ్లలోనే, 1946 నుంచి 1958 దాకా, మార్షల్ దీవుల్లో అమెరికా 67 అణుపరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన బాంబు బూడిద రొంగెలాప్ దీవి జనం మీద రాలింది. పత్రికల్లో వచ్చిన వార్తే. మన తెలుగువాళ్లకైతే దక్షిణ సముద్రపు గది అంటే అంతకు ముందే ఇంకొకటి ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, గోదావరి, కృష్ణా, విశాఖ వైపు మనుషులు కూడా ఫిజీ చెరకుతోటలకు గిరిమిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లారు. వాళ్లకిచ్చిన ‘లైన్లు’ అనే కూలీ బారకుల్లో గది పొడవు 10 అడుగులు, వెడల్పు 7. ముగ్గురు మగవాళ్లకు ఒకటి, లేదా ఒక కుటుంబానికి ఒకటి. నాకు పని తెచ్చిపెట్టే అలంకరణ పుస్తకాల్లో ఆ కొలతల గది ఉండదు.

1970లకి మోజు చల్లబడింది. పిల్లలు పెద్దవాళ్లయి అమ్మానాన్నల చాపలు పీకి పారేశారు. 1990లలో కొందరు చెత్తలోంచి ఏరడం మొదలుపెట్టారు, 2000లో స్వెన్ కిర్‌స్టెన్ ద బుక్ ఆఫ్ టికీ అచ్చువేశాక అది ఉద్యమమే అయింది. 1956లో లెరాయ్ ష్మాల్జ్, బాబ్ వాన్ ఊస్టింగ్ మొదలుపెట్టిన ఓషియానిక్ ఆర్ట్స్ మా పక్కనే విట్టియర్‌లో ఉండేది. డిస్నీ నుంచి ఇంటి బేస్‌మెంట్ దాకా వెదురు, చాప, టాపా అనే బెరడు గుడ్డ, చెక్కిన బొమ్మ అన్నీ అక్కడినుంచే వెళ్లేవి. 2021లో మూసేశారు. అది ఉన్నన్నాళ్లు చాప మందం వేలితో చూసి కొనేదాన్ని. ఇప్పుడు ఫొటో చూసి తెప్పించుకోవాలి, వచ్చేదాకా నమ్మకం లేదు.

ఈమధ్య వచ్చినవాళ్లకు నేను ఒక సలహా ఇస్తున్నాను: కిటికీ మూయొద్దు, కొబ్బరాకు పోలా తెరలు రెండు వరసలు వేద్దాం, కావాలన్నప్పుడు ఎత్తుకోవచ్చు, నిజమైన దీవి పద్ధతి ఇదే అని. ఆసక్తిగా వింటారు, ఫోనులో ఫాలే ఫొటోలు వెతికి చూస్తారు. తర్వాత లేచి కిటికీ దగ్గరకు వెళ్లి బయటికి చూస్తారు. పక్కింటివాళ్ల చెత్తడబ్బాలు మూడు, నీలంది ఒకటి, పచ్చది ఒకటి, నల్లది ఒకటి. చాపే కొట్టేయమంటారు.