విరిగిన గంట మళ్ళీ గంటయ్యే విద్య

ఆరో తరగతికి సింధు నాగరికత పాఠం చెబుతూ మొహెంజొదారో నర్తకి బొమ్మను చూపించాను. నడుం మీద ఒక చెయ్యి, ఇంకో చేతినిండా గాజులు. 1926లో తవ్వకాల్లో దొరికింది, ఎత్తు పది సెంటీమీటర్ల పైచిలుకు, వయసు దాదాపు 4500 ఏళ్ళు, ఇప్పుడు ఢిల్లీలో జాతీయ మ్యూజియంలో ఉంది అని బోర్డు మీద రాశాను. "మైనపు పోత పద్ధతిలో చేశారు" అని ఒక్క మాట చెప్పి పేజీ తిప్పబోతుంటే వెనక బెంచీ పిల్లగాడు లేచి, "మా కాకా గిట్లనే చేస్తడు సార్" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పిల్లగాడు ఓజుల ఇంటివాడు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఉషేగాం, ఆ చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ళలో ఓజులు తరతరాలుగా ఇత్తడి పోత పని చేస్తున్నారు. మన దేవుళ్ళ ప్రతిమలు, కొలువుల్లో మోగే గంటలు, గజ్జెలు, కడియాలు, దీపాలు వాళ్ళ చేతుల నుంచే వచ్చాయి. మన గోండు బడులకు పంతుళ్ళను తయారుచేయడానికి 1943లో హైమెన్‌డార్ఫ్ శిక్షణ కేంద్రం పెట్టించిన మార్లవాయి కూడా ఆ మండలంలోనిదే. అంటే మన పంతుళ్ళ చదువు మొదలైన చోటికి, ఈ కొలిముల చోటికి మధ్య దూరం ఎంతో లేదు. అయినా కొలిమిలోని చదువు మన బడిలోకి రాలేదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. బజారులో దీన్ని డోక్రా అంటారు. అది బెంగాల్ వైపు ఇదే పని చేసే డోక్రా కమ్మరుల పేరు, మన దగ్గరికి అధికారుల కాగితాల్లో వచ్చింది. మా పిల్లలు మొదట విన్నప్పుడు డ్వాక్రా సంఘం అనుకున్నారు. మన నోట ఉన్నది ఓజుల పని అనే మాటే. పాత తెలుగులో ఒజ్జ అంటే గురువు. రెండు మాటలకూ చుట్టరికం కలపడం నా పని కాదు గానీ, ఓజు అన్నప్పుడల్లా నాకు ఆ గురువే గుర్తుకొస్తాడు.

నా చిన్నప్పుడు మా అవ్వ ఇంట్లో పగిలిన ఇత్తడిని ఒక గోనెసంచిలో దాచేది. చిల్లిపడ్డ చెంబు, నాలుక ఊడిన ఎద్దుమెడ గంట, అరిగిన కడియం అన్నీ అందులోనే. పంట ఇంటికొచ్చాక ఆ సంచి ఓజు దగ్గరికి పోయేది. ఆయన తూకం వేసుకొని, కొన్నాళ్ళకు కొత్త గంటలు ఇచ్చేవాడు. కూలి జొన్నల్లో. చెంబు పోయింది అని అవ్వ ఎన్నడూ అనలేదు, చెంబు గంట అయింది అనేది. ఇప్పుడు సుస్థిర ఉత్పత్తి, వనరుల పొదుపు అని శిక్షణ తరగతుల్లో మాకు చెబుతున్నప్పుడు ఆ గోనెసంచి కళ్ళ ముందు మెదులుతుంది.

నవ్విన తప్పుకు పరిహారంగా ఆ పిల్లగాడి వెంట వాళ్ళ ఇంటికి పోయాను. ఒక వస్తువు ఎట్లా పుడుతుందో మొదటి నుంచి చివరిదాకా అప్పుడే చూశాను.

ముందు మట్టి. జల్లించిన మన్నులో ఊక, పేడ కలిపి, చేయదలచిన ఆకారం కన్నా కొంచెం చిన్నగా ఒక ముద్ద చేసి ఆరబెడతారు. ఊక, పేడ ఎందుకంటే, కాల్చినప్పుడు అవి మాడి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వేడికి పుట్టే ఆవిరి వాటిగుండా బయటికి పోతుంది, అచ్చు పగలదు. తర్వాత తేనెమైనంలో గుగ్గిలం కలిపి మెత్తగా చేస్తారు. మురుకుల గొట్టంలో పిండి నొక్కినట్టు చిన్న రంధ్రంగుండా నొక్కితే మైనం దారాలుగా వస్తుంది. ఆ దారాలను మట్టిముద్ద మీద పక్కపక్కనే చుడతారు. నెమలి తోక, ఏనుగు తొండం, దేవుడి కళ్ళు అన్నీ ఆ దారాలతోనే. చెయ్యి తిరిగినవాళ్ళు దారాన్ని ఎక్కడా తెంపకుండా చుట్టడం చూస్తుంటే పూట గడిచిపోతుంది. ఈ పనిలో ఆడవాళ్ళ చేతులూ ఉంటాయి, కొనేవాళ్ళకు అవి కనబడవు.

మైనం మీద మళ్ళీ మన్ను. మొదటి పూత గంధంలా నున్నగా ఉండాలి, ఎందుకంటే మైనం మీద ఉన్న ప్రతి గీతనూ అదే పట్టుకుంటుంది. ఆపైన ముతక మన్ను. ఆరాక వేడిచేస్తే మైనం కరిగి, వదిలిన రంధ్రంగుండా బయటికి వచ్చేస్తుంది. మైనం ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టి పగలగొడితే, మైనంతో చేసినదే ఇత్తడిగా బయటపడుతుంది. అచ్చు పగిలింది కాబట్టి అచ్చంగా అటువంటిది ఇంకోటి రాదు.

లోపలి మట్టిముద్ద ఎంత ఇత్తడిని ఆదా చేస్తుందో ఎనిమిదో తరగతి పిల్లలతో లెక్క కట్టించాను, మీరూ చేయించండి. 10 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండు మొత్తం ఇత్తడిదైతే దాదాపు నాలుగున్నర కిలోలు తూగుతుంది. అదే గుండు లోపల మట్టి ఉండి, పైన 3 మిల్లీమీటర్ల మందాన ఇత్తడి ఉంటే ముప్పావు కిలో చాలు. అంటే ఆరోవంతు. ఇంకో లెక్క. ఘనసెంటీమీటరు తేనెమైనం ఒక గ్రాముకు కొంచెం తక్కువ తూగుతుంది, ఇత్తడి ఎనిమిదిన్నర గ్రాములు. కాబట్టి మైనాన్ని తూచి తొమ్మిది రెట్లు చేస్తే ఎంత ఇత్తడి కరిగించాలో తెలుస్తుంది. ఓజు ఈ లెక్క కాగితం మీద చేయడు, కానీ మైనం తూచకుండా మూస పొయ్యి మీద పెట్టడు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న పన్నెండో శతాబ్దపు మానసోల్లాసంలో కూడా, మైనం తూకాన్ని బట్టి లోహం తీసుకోవాలనే ఉంది. అది సంస్కృతంలో రాశారు కాబట్టి శాస్త్రమైంది. మనవాళ్ళు రాయలేదు కాబట్టి చేతిపని అయింది.

ఈ విద్య వయసు నర్తకి బొమ్మకన్నా ఇంకా ముందుకు పోతుంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన చిన్న రాగి తాయెత్తు ఒకటి చక్రంలా ఉంటుంది. దాదాపు 6000 ఏళ్ళ కిందటి ఆ వస్తువు మైనపు పోతదేనని 2016లో శాస్త్రవేత్తలు వివరంగా చూపించారు. ఇటు చివర విమానం ఇంజన్ ఉంది. దాని లోపల తిరిగే రెక్కలను ఇప్పటికీ మైనపు నమూనా చేసి, చుట్టూ పింగాణీ వంటి పూత పూసి, మైనం కరిగించి పోస్తారు. రెక్క లోపల గాలి ఆడే సన్నని దారుల కోసం పింగాణీ ముద్ద పెడతారు. మన మట్టిముద్ద చేసే పనే అది.

1958లో మన ప్రభుత్వం పిలిస్తే చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. ఆ నివేదికలో వాళ్ళు ఎంతో మెచ్చుకున్న వస్తువు మన ఇళ్ళలో ఉండే చెంబు. దాన్ని ఎవరో ఒక్కరు గీసింది కాదని, తరతరాల చేతులు దిద్దిన రూపమని వాళ్ళకు అర్థమైంది. మా అవ్వ సంచిలో ఉన్నదీ ఆ చెంబే.

ఇప్పుడు మా ఇంట్లో పాడైన ఫ్లాస్కు ఉంది. స్టీలు, ప్లాస్టిక్, రబ్బరు, జిగురు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పాత ఇనుప సామాను కొనేవాడు తిప్పి చూసి వద్దన్నాడు. ఓజు గంటలో ఇత్తడి తప్ప ఇంకోటి లేదు, అతుకు లేదు, మర లేదు. విరిగిన రోజునే అది ముడిసరుకు. వస్తువు పుట్టేటప్పుడే చావును లెక్కపెట్టుకోవడం అంటే ఇదే.

అంతా బాగుందని రాస్తే అబద్ధం. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి, దానికి కట్టెలూ బొగ్గూ బాగానే కాలతాయి. ఇత్తడి మరిగితే వచ్చే తెల్లటి పొగ ఊపిరితిత్తులకు చేటు. రేకుల పాకలో, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా కూర్చుంటారు. తేనెమైనం తగ్గి, బజారు మైనం కలుపుతున్నారు. పాత ఇత్తడి గోనెసంచులు ఇళ్ళలో లేవు, కిలోల లెక్కన పట్నంలో కొనాలి.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరును ఇతరులు వాడుకోకుండా అది కాపాడుతుంది. పొగను ఆపదు, ఇత్తడి ధర తగ్గించదు. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక శిక్షకుడు రెండు వందల నెమళ్ళు, అన్నీ ఒకే కొలతలో, ఒకే బరువులో కావాలన్నాడట. తేడా వచ్చిన ముప్పైని వెనక్కి ఇచ్చేశాడు. పిల్లగాడి కాకా ఈ సంగతి చెబుతూ, "రెండు ఒక్కతీరుగ ఉంటే అది మిషిన్ది పంతులూ, నాది కాదు" అన్నాడు. ఆ ఇంటి పెద్దకొడుకు మంచిర్యాలలో సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తున్నాడు. నెలకు తిరిగొచ్చే జీతం ఉన్నప్పుడు కొలిమి దగ్గర కూర్చోమని నేను ఏ ముఖంతో చెప్పగలను?

నేను చేయగలిగింది ఒకటే చేశాను. మరుసటి సంవత్సరం సింధు పాఠాన్ని తరగతి గదిలో చెప్పలేదు. పిల్లలను ఆ పాక దగ్గరికి తీసుకుపోయాను, పాఠం కాకా చెప్పాడు. చివర్లో ఒక నెమలి అచ్చు చల్లారిందని సుత్తితో మెల్లగా కొట్టాడు. మట్టి రాలింది. నెమలి మెడ దగ్గర ఇత్తడి అందక చిల్లి. పిల్లలు అయ్యో అన్నారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూ పక్కనే ఉన్న పాత ఇత్తడి బుట్టలో వేసి, రెండో అచ్చు చేతిలోకి తీసుకున్నాడు.